ముందు అడగండి, ఆ తర్వాతే ఫొటో

పెళ్లి చేసుకుంటావా అని ఎవరైనా అడిగితే దానికి రెండు జవాబులు ఉండాలి. ఒకటి సరే, రెండోది వద్దు. ఆ రెండోది నోట్లోంచి రాకుండా అన్ని దారులూ మూసేసి అడిగితే దాన్ని అడగడం అని నేను ఒప్పుకోను. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పెళ్లి ఫొటోలు తీసే చాలామంది దగ్గర సర్‌ప్రైజ్ ప్రపోజల్ ఇప్పుడు ఒక ప్యాకేజీ. నేను తినేది ఈ పని మీద వచ్చే తిండే. ఈ పనంటే నాకు ప్రాణం. అందుకే గొంతెత్తి చెబుతున్నాను, ఈ ప్యాకేజీ అమ్మడం మనం మానేయాలి.

ఫోన్లు దాదాపు ఒకేలా వస్తాయి. "అక్కా, మామూలు కపుల్ షూట్ అని చెప్పి తీసుకొస్తా. తనకి ఏమీ తెలీదు. నేను మోకాలి మీద కూర్చునే టైంకి మీరు రెడీగా ఉండాలి. రియాక్షన్ మాత్రం మిస్ కాకూడదు." ఆ తర్వాత ప్లాన్ చెబుతారు. అమ్మాయి స్నేహితురాల్ని ముందే తమ వైపు తిప్పుకుంటారు. అమ్మాయి గోళ్లకు రంగు వేయించడం, ఫలానా రంగు డ్రెస్సే వేసుకునేలా చూడడం ఆవిడ పని. ఉంగరం డబ్బీ కెమెరా బ్యాగులో లెన్సుల పక్కన దాగుతుంది. ఎండ మెత్తబడే వేళ మొదలుపెట్టి అరగంట సేపు మామూలు పోజులు. చేతులు పట్టుకుని నడవడం, నుదుటికి నుదురు ఆనించడం, ఇలాంటివి. చివర్లో ఇద్దర్నీ వీపుకు వీపు ఆనించి నిలబెడతారు. "మేడం, కళ్లు మూసుకోండి, నేను చెప్పినప్పుడు వెనక్కి తిరగండి" అంటాడు ఫొటోగ్రాఫర్. టీమ్‌కి అదే సైగ. ఆమె తిరిగేసరికి అబ్బాయి నేల మీద ఉంటాడు. ఒక కెమెరా ఇద్దర్నీ కలిపి పడుతుంది. రెండోది దూరం నుంచి జూమ్ లెన్సుతో ఆమె ముఖం మీదే ఉంటుంది, వేలు తీయకుండా బర్స్ట్ మోడ్‌లో. పైన డ్రోన్. రాళ్ల వెనక నుంచి కన్ఫెట్టి గొట్టాలతో ఫ్రెండ్స్.

ఈ మొత్తంలో ప్రతి మనిషికీ ఒక పని ఉంది. ఏం జరగబోతోందో అందరికీ తెలుసు, డ్రోన్ తిప్పే కుర్రాడితో సహా. ఎవరి బతుకు గురించి అడుగుతున్నారో ఆ ఒక్క మనిషికి తప్ప.

ఇంతమంది కలిసి ఒక మనిషికి తెలియకుండా దాచి, ఆమె ముఖంలో వచ్చే మొదటి కదలికను పట్టుకోవడానికి కెమెరా గురిపెట్టి కూర్చోవడం ప్రేమకు సంబంధించిన పని ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. పుట్టినరోజుకు కేకు దాచిపెట్టారంటే సరే. కేకు వద్దన్నా ఎవరి పరువూ పోదు. ఇక్కడ అడుగుతున్నది ఎవరింట్లో బతకాలి, ఎవరి పిల్లల్ని కనాలి, రేపు ముసలితనంలో ఎవరి పక్కన కూర్చోవాలి అని. అలాంటిది అడిగాక ఆమె ఎదుట ఏముంటుంది? అప్పటికే ఖర్చు పెట్టిన డబ్బు, ఊళ్ల నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన స్నేహితులు, మోకాలి మీద ఉన్న మనిషి, తన ముఖం మీదే నిలిచిన గాజు కన్ను. మనవాళ్ల మొహమాటం సంగతి మనకి తెలియంది కాదు. పక్కింటివాళ్లు రెండోసారి వడ్డిస్తేనే వద్దనలేని పిల్లలు, నలుగురి ముందు మోకాలి మీద కూర్చున్న మనిషిని కాదంటారా? తల ఊపుతారు. ఆ ఊపిన తలకే మనం సంగీతం కలిపి రీల్ చేస్తున్నాం.

గండికోటలో ఒక సాయంత్రం మేం ఒక జంటతో పనిచేస్తున్నాం. పెన్నా లోయ అంచున ఎర్రరాళ్ల మీద మాకు కాస్త దూరంలో ఇంకో టీమ్ ఉంది. వీపుకు వీపు, కళ్లు మూసుకోండి, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఆ అమ్మాయి తిరిగింది. నేను ఆమె కళ్లనే చూశాను. ముందు అతని వంక చూడలేదు. మొదట కెమెరా వైపు, తర్వాత చప్పట్లు కొడుతున్న స్నేహితుల వైపు, ఆ తర్వాత ఉంగరం వైపు చూసింది. అందరూ చేసినట్టే చేత్తో నోరు మూసుకుంది. తల ఊపింది. కన్ఫెట్టి పేలింది. కాసేపటికి చున్నీకి పిన్నీసు కావాలని మా దగ్గరికి వచ్చింది. మా అసిస్టెంట్ అమ్మాయి పిన్నీసు పెడుతుంటే, మా కెమెరాలు చూసి మేమూ వాళ్ల టీమే అనుకుందో ఏమో, గొంతు తగ్గించి "అక్కా, ఆ వీడియో ఇప్పుడే ఎక్కడా పెట్టొద్దని మీ వాళ్లకి చెప్పరా? మా అమ్మకి ఇంకా ఇతని గురించే తెలీదు" అంది. చేతులు వణుకుతున్నాయి. అవతల ఆమె స్నేహితులు అప్పటికే ఫోన్లలో తీసింది స్టేటస్‌లో పెట్టేస్తున్నారు.

అతను చెడ్డవాడని నేను అనడం లేదు. ఆమె కూడా అతన్ని నిజంగానే ప్రేమిస్తూ ఉండొచ్చు. నేనడిగేది ఒకటే. ఆ చేతులు వణకాల్సిన అవసరం ఏమొచ్చింది? ముందురోజు సాయంత్రం టీ తాగుతూ అడిగి ఉంటే "ఆరు నెలలు ఆగు, ముందు అమ్మకి చెప్పనీ" అనేది. ఆ ఒక్క మాటా చెప్పే అవకాశాన్ని అతను డబ్బు పెట్టి మరీ తీసేసుకున్నాడు.

ప్రేమ పెళ్లిళ్ల కుర్రాళ్లు చాలామందికి పెళ్లిచూపులంటే చిన్నచూపు. కాఫీ ట్రేతో అమ్మాయిని తెచ్చి పదిమంది ముందు కూర్చోబెట్టి, పాట వచ్చా, వంట వచ్చా అని అడిగే ఆ తంతు మీద నాకూ గౌరవం లేదు. అందులో ఎంత అవమానం ఉందో మా అమ్మ తరానికి బాగా తెలుసు. కానీ ఆ తంతులో కూడా ఒక మర్యాద ఉండేది. అబ్బాయి తరఫువాళ్లు లేచి వెళ్తూ "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అనేవాళ్లు. ఇష్టమా కాదా అని అమ్మాయి ముఖం మీద అక్కడికక్కడ ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇష్టం లేకపోతే జాతకాలు కుదరలేదని మధ్యవర్తి చేత చెప్పించేవాళ్లు. అబద్ధమే, కానీ రెండిళ్ల పరువూ నిలబడేది, ఎవరి గుండెకూ పెద్దగా దెబ్బ తగిలేది కాదు. వద్దనడానికి దారి ఉండేది, సమయం ఉండేది. చాలా ఇళ్లల్లో అమ్మాయి మాటకు ఆ దారి కూడా ఇవ్వలేదన్నదీ నిజమే, ఆ పాపం వేరు. మనం ఆ పాత గదిలోంచి బయటపడ్డాం అనుకుని, పెద్దల స్థానంలో కెమెరాల్ని కూర్చోబెట్టి, కబురు చేసే గడువును మాత్రం ఎత్తేశాం. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు ఆలోగా చెప్పుకోవచ్చు. అంటే దారిన పోయేవాడికి 30 రోజుల గడువు. మన షూట్‌లో నిలబడ్డ అమ్మాయికి మాత్రం బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అందుకునేలోగా మూడు సెకన్లు.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి నా చెయ్యి బరువెక్కుతోంది. అయినా రాయాలి. మన నేల మీద వద్దు అన్న మాటకు అమ్మాయిలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2004లో విజయవాడలో తనని కాదన్నదని ఒకడు తరగతి గదిలోకే వెళ్లి ఒక విద్యార్థినిని నరికి చంపాడు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో స్కూటీ మీద ఇంటికి వెళ్తున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వాళ్లలో ఒకరు కొన్ని రోజులకే చనిపోయారు. ఆ వార్తలు చదివిన తల్లులు తమ కూతుళ్లకు ఏం నేర్పారు? ఎవడైనా ఏదైనా అడిగితే మొహం మీద కొట్టినట్టు చెప్పకు, నవ్వి తప్పించుకో, నలుగురిలో వాడికి అవమానం జరగనివ్వకు. ప్రేమించిన మనిషి ముందు నిలబడినప్పుడు ఆ నేర్పు ఎక్కడికీ పోదు, ఒంట్లోనే ఉంటుంది. షూట్‌లో మోకాలి మీద ఉన్నవాడు అలాంటివాడని నా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. కానీ నలుగురిలో మగవాడిని కాదనడం అంటే ఏమిటో ఈ గాలి పీల్చి పెరిగిన అమ్మాయికి తెలుసు. అతనికి తెలియకపోతే అది అతని అదృష్టం, దాని బరువు మోయాల్సింది ఆమె.

సరే అన్నా ప్రమాదం తప్పని ఇళ్లున్నాయి. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో కులం దాటి పెళ్లి చేసుకున్న జంట ఆస్పత్రి నుంచి బయటికి వస్తుండగా గర్భిణి అయిన భార్య కళ్లముందే భర్తను నరికేశారు. చంపించింది ఆమె కన్నతండ్రి. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఆ కేసులో ఒకరికి ఉరి, మిగతా నిందితులకు యావజ్జీవం వేసింది. ఇలాంటి చోట కులం వేరైన జంట, మతం వేరైన జంట తమ సంగతి ఇంట్లో ఎప్పుడు చెప్పాలి, ముందు ఎవరికి చెప్పాలి, ఆ రాత్రి ఎక్కడ ఉండాలి అన్నది ప్రాణాలు కాపాడుకునే లెక్క. ఆ లెక్క వేసుకోవాల్సింది ఇద్దరూ కూర్చుని. ఒకడు ఉత్సాహపడి, స్టూడియో తన పేజీలో వీడియో పెట్టేసి, అది గంటలో మేనమామల వాట్సాప్ గ్రూపులోకి చేరితే? వ్యూస్ కోసం ఆ వీడియో పెట్టిన ఫొటోగ్రాఫర్ ఆ ఇంటి గడపలో జరగబోయేదానికి జవాబు చెప్తాడా?

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి కొంత వేరు, కొంత ఇదే. బ్రూక్లిన్‌లో మాన్‌హటన్ బ్రిడ్జి కనిపించే వీధిలోనో, శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ ఎదుటో ఇదే తీస్తారు. అబ్బాయి హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటాడు, అమ్మాయి చదువు వీసా మీద. పెళ్లయ్యాక ఆమె అతని మీద ఆధారపడే హెచ్‌-4 వీసాకి మారితే సొంత ఉద్యోగం చేసుకునే హక్కు దానంతట అది రాదు. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటి ఉంటేనే ఆమె వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోగలదు. ఆమె ఉద్యోగం, ఆమె చదువు అప్పు, ఊళ్లో ఆమె పంపే డబ్బు మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు, అన్నీ ఆ ఒక్క జవాబులో ఇరుక్కుని ఉన్నాయి. ఒక ఆదివారం పొద్దున కాగితం, పెన్ను పెట్టుకుని మాట్లాడుకోవాల్సిన విషయం అది.

ఉంగరం గురించీ ఒక మాట. వజ్రపుటుంగరం లేకపోతే ప్రేమకు రుజువు లేదన్న నమ్మకం ఏ పురాణం లోంచీ రాలేదు. డీ బీర్స్ అనే వజ్రాల కంపెనీ 1938లో ఎన్.డబ్ల్యూ. అయర్ అనే అమెరికా ప్రకటనల సంస్థ తలుపు తట్టింది. 1947లో ఆ సంస్థలో పనిచేసే ఫ్రాన్సెస్ గెరెటీ వజ్రం శాశ్వతం అన్న నినాదం రాసింది. 1980ల్లో అదే కంపెనీ ప్రకటనలు అమెరికా మగవాళ్లకు రెండు నెలల జీతం ఉంగరానికి పెట్టాలని నేర్పాయి. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో గనులు దొరికేదాకా ప్రపంచానికి పేరున్న వజ్రాల్లో చాలా భాగం ఇచ్చింది మన గోల్కొండ గనులే. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది. అన్ని వజ్రాలు తవ్విన నేల మీద ఇన్ని తరాలు పెళ్లిళ్లు పసుపుతాడుతో జరిగాయి, ఎవరి ప్రేమా తక్కువ కాలేదు. ఉంగరం కొనొద్దని నేననను. జవాబు రాకముందే రెండు నెలల జీతం పోసి ఉంగరం కొనడం వల్ల లాభం కొట్టుకు, బరువు అమ్మాయికి. "రింగ్ కొనేశాను అక్కా, ఇక రిటర్న్ ఉండదు" అని నాకు ఫోన్‌లో చెప్పే అబ్బాయి, తాను ఏ మాట పైకి అంటున్నాడో ఒక్కసారి ఆగి విని ఉంటే బాగుండేది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కోతపెట్టేది ఇంకో రకం. పెద్దలు కుదిర్చిన పెళ్లి. నిశ్చయ తాంబూలాలు అయిపోయాయి, హాలు బుక్ అయింది, శుభలేఖలు అచ్చుకు వెళ్లాయి. ప్రీ వెడ్డింగ్ షూట్‌లో ఒక భాగంగా అబ్బాయి మోకాలి మీద కూర్చుంటాడు, అమ్మాయి ఆశ్చర్యపోతుంది. డైరెక్టర్ "ఇంకొంచెం షాక్ కావాలి మేడం" అంటాడు, మళ్లీ తీస్తారు. ఆ క్లిప్పు పెళ్లిరోజు ఎల్ఈడీ తెర మీద వేస్తారు. అదే హాలులో పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తారు, అడ్డుతెర పడుతుంది, జీలకర్ర బెల్లం పెడతారు. చూస్తున్న వాళ్లందరూ అబ్బాయి ఎంత చక్కగా అడిగాడో అని మురిసిపోతారు. అడిగిందెవరు? ఎప్పుడు? ఆ అమ్మాయి చేతులు పట్టుకుని తలుపు వేసి, "నీకు నిజంగా ఇష్టమేనా, ఇష్టం లేకపోతే నేను మావాళ్లకి చెప్తాను, నీ మీదికి మాట రాదు" అని ఎవరైనా అన్నారా? చాలా పెళ్లిళ్లలో ఎవరూ అనలేదు. ఎన్నడూ అడగని ప్రశ్నకు మేం వీడియో తీసి సాక్ష్యం తయారుచేస్తున్నాం. పదేళ్ల తర్వాత ఆమె ఏదైనా బాధ చెప్పుకోబోతే ఆ ఆల్బమే తెరిచి చూపిస్తారు, నిన్ను అడిగే కదా చేసుకున్నాడు అని. సమ్మతిని బలవంతంతోనో మోసంతోనో తీసుకుంటే ఆ పెళ్లిని రద్దు చేయమని అడగొచ్చని 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. మొహమాటంతో తీసుకున్న సమ్మతికి ఏ సెక్షనూ లేదు. దాన్ని ఆపగలిగేది అడిగేవాడు, అడిగే పద్ధతి.

నా మాటలు విని కొందరు పెద్దమనుషులు సంతోషపడతారేమో. వాళ్ల సంతోషం నాకు వద్దు. ప్రీ వెడ్డింగ్ షూట్లు మన సంస్కృతి కాదంటూ 2019లో భోపాల్‌లో కొన్ని సంఘాలు నిషేధం పెట్టాయి. మన దగ్గరా అలాంటి గొంతులు లేస్తుంటాయి. పెళ్లికి ముందు ఒక అమ్మాయి ఒక అబ్బాయి చెయ్యి పట్టుకుని లంబసింగి పొగమంచులోనో, భీమిలి ఇసుక మీదో నవ్వుతూ నడిస్తే కూలిపోయే సంస్కృతి నాకు అక్కర్లేదు. వాళ్ల బాధ ఆ అమ్మాయి నవ్వుతోందని. నా బాధ ఆమె నవ్వక తప్పని స్థితిలో ఉందని. ఈ రెంటినీ దయచేసి ఒకే గాటన కట్టొద్దు.

"తనకి సర్‌ప్రైజులంటే చాలా ఇష్టం అక్కా" అంటారు. ఉండొచ్చు. ఇలా అడిగించుకోవాలని చిన్నప్పటినుంచి కలలు కన్న అమ్మాయిలు నాకు తెలుసు, ఆ కల మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆ కలలో ఆమె జవాబు ఎప్పుడో సిద్ధంగా ఉంటుంది. పెళ్లి చేసుకోవాలని ఇద్దరూ ముందే మాట్లాడుకుని, ఇంట్లో చెప్పే రోజు ఖాయం చేసుకుని ఉంటే రోజు దాచండి, చోటు దాచండి, ఉంగరం దాచండి. అలాంటి షూట్‌కి నేను బండరాయి వెనక గంటలు గంటలు పడుకుంటాను, మోచేతులు గీరుకుపోయినా లేవను. ఆమె కళ్లలో ఆ సంతోషం వచ్చిన క్షణాన్ని పట్టుకోవడం కంటే నా పనిలో గొప్ప సుఖం లేదు. అమ్మాయి అబ్బాయిని అడిగే సందర్భమైనా నా మాట ఇదే. మగపిల్లలకు మొహమాటం లేదనుకోవడం పొరపాటు.

అందుకే ఫోన్ చేసిన ప్రతి అబ్బాయినీ నేను ముందు ఒకటే అడుగుతాను. "తమ్ముడూ, పెళ్లి గురించి మీరిద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? తను ఏమంది?" గొంతులో తడబాటు ఉంటే షూట్ వద్దంటాను. ఇద్దరే కూర్చుని అడుగు, ఆమెకి లేచి ఇంటికి వెళ్లిపోయే వీలున్న చోట అడుగు, రేపు చెప్తానంటే రేపటిదాకా ఆగు, వద్దంటే తలవంచి విను, జవాబు వచ్చాక నాకు ఫోన్ చెయ్యి అంటాను. కొందరు ఫోన్ పెట్టేసి వేరే స్టూడియోకి వెళ్తారు. వెళ్లనీ.

ఆ వేరే స్టూడియోవాళ్లు నా తోటివాళ్లు, వాళ్లకే ఈ చివరి మాట. డబ్బు కట్టింది అబ్బాయి కాబట్టి ఆ ఫొటోలు అబ్బాయివి అనుకునే అలవాటు మన పనిలో పాతుకుపోయింది, దాన్ని పెరికేయండి. ఆ ముఖం ఆమెది. షూట్ అయ్యాక ఆమె నెంబర్ తీసుకోండి, మర్నాడు ఆమె ఒక్కతే ఉన్నప్పుడు ఫోన్ చేయండి, అబ్బాయి పక్కన లేకుండా. ఆమె తన నోటితో పెట్టుకోండి అనేదాకా ఒక్క ఫ్రేము బయటికి పోకూడదు, మీ పేజీలోకీ, అతని స్నేహితుల ఫోన్లలోకీ. వద్దంటే కార్డులో ఉన్నదంతా ఆమె ఎదుటే చెరిపేయండి, అడ్వాన్స్ తిరిగి ఇవ్వాల్సి వచ్చినా సరే.